రోడ్డు దాటించే ప్రముఖుడు

మా నీలంవలస పురపాలక సంఘంలో నేను పౌరసంబంధాల సహాయకుణ్ణి. సంఘం చేసిన మంచి పనులను పత్రికలకు రాసి పంపడం నా ఉద్యోగం. చేయని పనులు కూడా రాయవచ్చునని మా కమిషనర్ పరాంకుశం గారు నేను చేరిన రోజే సెలవిచ్చారు కాబట్టి చేతికి పని లేని రోజంటూ ఎప్పుడూ లేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజంగా జరిగింది. అందుకే కాబోలు, ఏ పత్రికా వేసుకోలేదు.

మా ఊరి నడిమధ్య నుంచి పోయే రోడ్డును ఆ మధ్య వెడల్పు చేశారు. చేశాక చూస్తే బడి ఆ పక్కనా, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పాక ఈ పక్కనా మిగిలాయి. అంతకు ముందు రెండింటికీ మధ్య ఉన్నది చిన్న సందు. కోడిపెట్టలు కూడా పిల్లల్ని వెంటేసుకుని నింపాదిగా దాటేవి. ఇప్పుడు అదే చోట ఇనుమూ బొగ్గూ వేసుకుని లారీలు పోతున్నాయి. పాకను బడి పక్కకు మార్చవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. మాకూ తోచింది. కానీ బడి విద్యాశాఖది, పాక ఉన్న జాగా రెవెన్యూ వారిది, రోడ్డు రోడ్ల శాఖది. ఈ మూడింటి మీదా లేచే దుమ్ము ఒక్కటే మాది.

ఆ పాకలో వండేది పైడమ్మ. ఆమే, ఆమె తోడికోడలు అప్పయ్యమ్మా గుండిగకు చెరో చెవీ పట్టుకుని, లారీకీ లారీకీ మధ్య సందు చూసుకుని రోడ్డు దాటేవారు. ఒకనాడు ఆ సందు చాల్లేదు. లారీ అద్దం తగిలి అప్పయ్యమ్మ తుంటి విరిగింది. సాంబారు గుండిగ బోర్లాపడింది. పిల్లలు ఆ పూట ఉత్త అన్నం తిన్నారు. పురపాలక సంఘం వెంటనే స్పందించింది. ప్రజోపయోగ రహదారిపై జారుడు పదార్థమును ఒలికించినందుకు సంజాయిషీ కోరుతూ పైడమ్మకు నోటీసు జారీ చేసింది.

నోటీసు ఇవ్వడానికి నన్నే పంపారు.

"ఏటి బాబూ ఇది?" అంది పైడమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

"నోటీసమ్మా. సాంబారు రోడ్డు మీద ఎందుకు పోశారో చెప్పాలట."

"నానెందుకు పోత్తాను? పడిపోనాది. సాంబారు మాటొగ్గీయండి. రేపు అన్నం ఎలాగ దాటించాలి, అది సెప్పండి. బడిగుంటలు పొద్దున్న ఏటీ తినకుండా ఒస్తారు. ఇళ్లల్లో ఉంటే కదా తినడానికి."

ఆమె సంజాయిషీగా దీన్నే రాసుకుని వచ్చాను. కమిషనర్ గారు చదివి, ఇది సంజాయిషీ కాదు, ప్రశ్న అన్నారు. ప్రశ్నలు స్వీకరించే విభాగం మా దగ్గర లేదు.

అయినా ఆయన జాలిగుండె గల మనిషి. వారం తిరక్కుండా జనం దాటడానికి రోడ్డు మీద తెల్లచారలు వేయించారు. చారలు వేసిన రోజున బాజాలు కూడా పెట్టాం. లారీవాళ్లకు ఆ చారలు బాగా నచ్చాయి. తెల్లగా నున్నగా కనిపించేసరికి అక్కడికొచ్చేటప్పటికి మరికాస్త హుషారుగా తోలేవారు. పైడమ్మ పెద్ద గుండిగ మానేసి, చిన్న గిన్నెలు నెత్తిన పెట్టుకుని ఒక్కర్తే విడతలు విడతలుగా పరుగెత్తేది. చివరి విడత అన్నం చేరేసరికి ఒక్కోసారి భోజనం గంట అయిపోయేది. గంట అయిపోతే తరగతిలోంచి వదలరు. చిన్న తరగతుల పిల్లలు ముందు తినేవారు. పెద్ద తరగతుల వాళ్లు కిటికీలోంచి గిన్నెల వైపు చూస్తూ లెక్కలు చేసుకునేవారు.

దీని మీద ఉన్నత స్థాయి సమావేశం జరిగింది.

"చారలు వేసిననూ వాహనములు ఆగుట లేదు. ఇందుకు గల కారణములను సభ్యులు కూలంకషముగా చర్చించవలెను" అన్నారు పరాంకుశం గారు.

"చారలు డిజైను ప్రకారమే ఉన్నాయి సార్" అన్నాడు మా ఇంజినీరు భీష్మారావు. "వాహనాలే డిజైను ప్రకారం లేవు."

రోడ్డుకు అడ్డంగా స్పీడు బ్రేకరు కట్టిద్దామని ఎవరో అన్నారు. కిందటిసారి కట్టిన బ్రేకరు మంత్రిగారి నడుముకు తగిలి, రాత్రికి రాత్రి తవ్వించిన సంగతి భీష్మారావు గుర్తు చేశాడు. సిగ్నలు దీపాలు పెడదామన్నారు ఇంకెవరో.

"సిగ్నలు మంజూరు కావాలంటే తగినన్ని మరణాలు చూపించాలి సార్. మన దగ్గర ఒక్క తుంటి మాత్రమే ఉంది" అన్నాడు భీష్మారావు.

అందరూ అప్పయ్యమ్మ వైపు నుంచి సహకారం చాలలేదన్నట్టు నిట్టూర్చారు. సమావేశం జీడిపప్పు పకోడీతో ముగిసింది.

సరిగ్గా ఆ మర్నాడే ఎవరో పెద్దమనిషి ఏదో ప్రారంభోత్సవానికి మా ఊరి మీదుగా వెళ్లాడు. సైరన్లు మోగాయి. పోలీసులు చేతులు అడ్డం పెట్టారు. లారీలు, బస్సులు, ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రోడ్డు మా ఇంటి వాకిలంత నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో పైడమ్మ నెత్తిన గిన్నెతో తాపీగా నడిచి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. పక్కనే స్వాగతానికి దండ పట్టుకుని నిల్చున్న కమిషనర్ గారు అది చూశారు. చూసి దండ నా చేతికిచ్చేశారు.

"వాహనములు చారలకు ఆగవు. ప్రముఖులకు ఆగును" అన్నారు మెల్లగా. "కావున మనకు కావలసినది చారలు కాదు."

ఆ సాయంత్రమే తీర్మానం ఆమోదించారు. చారల దగ్గర శాశ్వత ప్రాతిపదికన ఒక ప్రముఖుణ్ణి నియమించాలి. ఆయన రోడ్డు దాటుతూ ఉండాలి. పాదచారులు ఆయన వెనుక దాటాలి. ఆయన రోడ్డు మీద ఉన్నంతసేపూ ఏ వాహనమూ కదలరాదు.

"హోదా ఏమని రాయమంటారు సార్?" అని అడిగాను.

"హోదా పేర్కొనరాదు. పేర్కొన్న హోదాకు పైన మరొక హోదా ఉండును. పేర్కొనని హోదాకు పైన ఏమియూ ఉండదు" అన్నారాయన. తరవాత కొంప ముంచింది ఈ వాక్యమే కాబట్టి పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ప్రముఖుడి కోసం వెతుకులాట ఎక్కువ జరగలేదు. మా ఊళ్లో గొర్లె సన్యాసినాయుడని ఒకాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో మహారాజు వేషాలు కట్టేవాడు. నాటకాలు పోయాక టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఎవరైనా పలకరిస్తే సింహాసనం మీంచి చూసినట్టు చూసేవాడు. ముందుకొచ్చిన పొట్ట, గిరజాల జుట్టు, రెండు చేతులూ గుండెల దాకా తెచ్చి అక్కడే ఆపే నమస్కారం. మాకు కావలసినవన్నీ ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గంజిపెట్టిన తెల్లబట్టలు కుట్టించాం. భుజాన జరీ కండువా వేశాం. ముందొకడు, వెనకొకడు హోంగార్డుల్ని ఇచ్చాం.

మొదటి రోజు నేనూ వెళ్లి చూశాను. హోంగార్డు ఈల వేశాడు. సన్యాసినాయుడు కాలు కింద పెట్టాడు. బొగ్గులారీ ఒకటి కీచుమంటూ ఆగిపోయింది. దాని వెనక అన్నీ ఆగిపోయాయి. క్లీనరు తలకు చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు. నాయుడు ఎవరినీ చూడకుండా అందరికీ నమస్కారం పెడుతూ నడిచాడు. ఆయన వెనక పైడమ్మ, ఆమె వెనక పాలవాళ్లు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు, చీటీలపాటకు పోయే ఆడవాళ్లు. ఆ పూట బడిలో పెద్ద తరగతుల వాళ్లు కూడా వేడన్నం తిన్నారు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండింది. పత్రికా ప్రకటన ఒక్క అతిశయోక్తి లేకుండా రాసింది ఆ ఒక్క రోజే.

"ఆ బాబు కడుపు సల్లగుండ" అంది పైడమ్మ. "రేపట్నించి పెద్ద గుండిగ తీస్తాను. రెండో సెవి దాటేవోళ్లెవులైనా పడతారు."

పథకం విజయవంతమైతే దాన్ని అభివృద్ధి చేయకుండా ఉండలేకపోవడం మా కార్యాలయానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. మొదట వచ్చిన చిక్కు ఏమిటంటే సన్యాసినాయుడు వేళకు వచ్చేవాడు. రోజూ అదే వేళకు రావడం చూసి డ్రైవర్లకు అనుమానం పుట్టింది. ఒకనాడు ఒకడు ఆపకుండా హారన్ కొట్టాడు. ఎస్సై గారు పట్టుకుని అడిగితే, "టైముకొచ్చే పెద్దమనిషి ఎక్కడైనా ఉంటాడేటండీ, ఈడెవుడో బడి మేస్టారనుకున్నాను" అన్నాడు.

కమిషనర్ గారు తక్షణమే ఉత్తర్వు ఇచ్చారు. "ప్రముఖులు సమయపాలన పాటించుట వలన వారి ప్రాముఖ్యము సన్నగిల్లుచున్నది. ఇకపై ఆలస్యముగా విచ్చేయవలెను."

నాయుడు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. పైడమ్మ గుండిగ మీద మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ వేసి, ఈ గట్టున నిలబడేది. ఆ గట్టున బడి గేటు దగ్గర పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడేవారు. ఆయన వచ్చేసరికి ఒక్కోసారి గంట కొట్టేసేవారు.

"బేగి రాకూడదా బాబూ. అన్నం సల్లారిపోతంది" అని ఒకరోజు అడిగేసింది.

నాయుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నానక్కడే టీకొట్టు ఎనకాల నిలబడ్డానమ్మా ఇందాకట్నించి. రానిస్తేగదా."

రెండో చిక్కు జనం. ప్రముఖుడు రోజూ దొరుకుతుంటే ఎవరు ఊరుకుంటారు. ఇళ్ల స్థలాలకూ పింఛన్లకూ అర్జీలు పట్టుకుని చారల మధ్యలో ఆయన కాళ్లకు అడ్డం పడటం మొదలుపెట్టారు. ఆయన అర్జీని కళ్లకద్దుకుని "సూద్దాం" అనేవాడు. నిజం ప్రముఖులు చేసేదీ అంతే కాబట్టి ఎవరికీ లోపం కనిపించలేదు. పైడమ్మ కూడా పాకను బడి పక్కకు మార్పించమని అడిగింది. నలుగురికీ చెప్పినట్టే ఆమెకూ "సూద్దాం" అన్నాడు. అన్నాక తల వంచుకున్నాడట.

రద్దీ పెరిగిందని చుట్టూ తాళ్లు పట్టే మనుషుల్ని పెట్టారు. వేడి సాంబారు ప్రముఖుడి వెనుక రావడం భద్రతా రీత్యా ఆమోదయోగ్యం కాదని ఎస్సై గారు అభ్యంతరం చెబితే, గుండిగ చాలా వెనకపడింది. ఆ తరవాత జిల్లా నుంచి భద్రతా పరిశీలకుడు వచ్చి, చారలన్నీ తిరిగి చూసి, నల్లకళ్లద్దాలు తీసి, తన నిర్ధారణ వినిపించాడు.

"ప్రముఖులు కాలినడకన రోడ్డు దాటడం మిక్కిలి ప్రమాదకరం. ఇది లారీలు తిరిగే రోడ్డు."

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, నాకు పెళ్లాం పిల్లలున్నారు. మర్నాటి నుంచి సన్యాసినాయుడికి సైరన్ కారు వచ్చింది. ఈ పక్క ఎక్కి, ఊరి చివర వంతెన దాకా పోయి, తిరిగి ఆ పక్కకు వచ్చి దిగేవాడు. ఆయన వాహనశ్రేణి రోడ్డు మీద ఉన్నంతసేపూ పాదచారులెవరూ అడ్డం రాకుండా చారలకు రెండు వైపులా తాళ్లు కట్టి హోంగార్డుల్ని నిలబెట్టారు. సరిగ్గా భోజనం వేళకు.

చారల మీద అడుగు పెట్టే మనిషే లేడు కాబట్టి ప్రమాదమూ లేదు. ఈ సంగతి నేను పై అధికారులకు ఉత్సాహంగా రాసి పంపాను. రాష్ట్రంలోకెల్లా అత్యంత సురక్షితమైన దాటుచోటు అని మాకు 'పాదచారి మిత్ర' పురస్కారం ప్రకటించారు. ఇవ్వడానికి మంత్రిగారే వస్తున్నారన్నారు. సభ బడి ఆవరణలోనే.

సభ నాడు పొద్దున్నుంచే తాళ్లు కట్టారు. పిల్లల్ని రెండు వరసల్లో గేటు దగ్గర నిలబెట్టారు, మంత్రిగారొస్తే చప్పట్లు కొట్టడానికి. ఎండ నెత్తికెక్కింది. వాళ్ల చేతుల్లో కంచాలున్నాయి కాబట్టి చప్పట్లు ఎలా కొడతారన్న దాని మీద భీష్మారావు హెడ్మాస్టరుతో చర్చిస్తున్నాడు. వరసలో ఒక పిల్ల కళ్లు తిరిగి కూలబడింది. ఎవరో ఎత్తుకెళ్లి నీడన కూర్చోబెట్టారు.

రోడ్డుకు ఈ పక్కనుంచి పైడమ్మ అది చూసింది.

"తాడు తియ్యి నాయనా" అంది హోంగార్డుతో.

"ప్రముఖులొచ్చేదాకా తియ్యకూడదమ్మా."

"ఎవులూ?"

"మన సన్యాసినాయుడుగారు. ఆయనెనక మంత్రిగారు."

పైడమ్మ ముందుకొచ్చింది. తాడును తలకంటే పైకి ఎత్తేసింది. సాంబారన్నం కలిపిన పెద్ద గుండిగను రెండు చేతులా పట్టి ఈడ్చుకుంటూ రోడ్డు మీదకు నడిచింది. అల్యూమినియం తారు మీద గీసుకుపోయిన చప్పుడు సభ దాకా వినిపించింది. రోడ్డు నడిమధ్య, చారల మీద గుండిగ ఆపి, మూత తీసి, గరిటె చేతిలోకి తీసుకుంది.

"రండిరా" అని కేకేసింది బడి వైపు.

సరిగ్గా అప్పుడే వంతెన వైపు నుంచి నాయుడి సైరన్ కారు వచ్చి గుండిగకు జానెడు ముందు ఆగింది. హోంగార్డులు పైడమ్మను పక్కకు లాగడానికి ఉరికారు. నాయుడు తలుపు తీసుకుని దిగాడు. గుండిగ వైపు చూశాడు, గేటు దగ్గర పిల్లల వైపు చూశాడు. జరీ కండువా తీసి రోడ్డు మీద పరిచాడు. గంజిబట్టలతో చారల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నాకూ పెట్టు పైడమ్మా. పిల్లల్ని రమ్మను" అన్నాడు.

పిల్లలు ఆగలేదు. ఒక్కో తెల్లచారా ఒక్కో బంతి అయింది. చారలు కావలసినంత దూరం దూరంగానే ఉన్నాయి, మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి వీలుగా. డిజైను ప్రకారమే ఉన్నాయని భీష్మారావు ముందే చెప్పాడు.

ఇంతలో మంత్రిగారి వాహనశ్రేణి వచ్చి ఆగింది. ఆయన గన్‌మెన్ దిగి వచ్చి, "ఎవరు కూర్చున్నారక్కడ? లేపండి" అన్నాడు. ఎస్సై గారు కమిషనర్ వైపు చూశారు. ప్రముఖుడు రోడ్డు మీద ఉన్నంతసేపూ ఏ వాహనమూ కదలరాదని తీర్మానం. ఏ వాహనమూ అనే రాసి ఉంది. దానికే పురస్కారం.

మంత్రిగారు అద్దం దించి పరాంకుశం గారిని పిలిచారు.

"ఎవరయ్యా ఆయన? ఏ హోదా?"

కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. రోజుకూలీకి పెట్టుకున్న మనిషి అంటే పురస్కారం పోతుంది. హోదా చెబుదామంటే ఆయనే లేకుండా చేశారు.

"హోదా పేర్కొనలేదు సార్" అన్నారు చివరికి. "పేర్కొనలేనంత."

మంత్రిగారు ఆ మాట కాసేపు నమిలారు. పైనుంచి ఎవరైనా చెప్పకుండా వచ్చి కూర్చున్నారేమోనన్న భయం ఆయన మొహంలో కనిపించింది. కారు దిగి, చెప్పులు కారులోనే వదిలి, ఆ మండుటెండలో కాళ్లు మార్చి మార్చి వేస్తూ చారల దగ్గరకు వెళ్లి చేతులు జోడించారు.

సన్యాసినాయుడు ముద్ద మింగి తల పైకెత్తాడు. అసలు సిసలు మహారాజు చూపు చూశాడు.

"కూకోండి. పిల్లలు తింతన్నారు" అన్నాడు.

మంత్రిగారు కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక కమిషనర్ గారు, కమిషనర్ గారు కూర్చున్నాక భీష్మారావు, ఆపైన ఎస్సై గారు. పైడమ్మ పిల్లలందరికీ రెండోసారి వడ్డించాకే వాళ్ల దగ్గరకు గరిటె తెచ్చింది. మంత్రిగారు సాంబారు బాగుందన్నారు. దాన్ని కూడా పత్రికలకు రాశాను.

నాలుగు రోజుల్లో సంగతి బయటపడింది. పురస్కారం వెనక్కి తీసుకున్నారు. ప్రముఖుడి పదవి రద్దయింది. తెల్లబట్టలు, కండువా సన్యాసినాయుడు స్టోరులో అప్పజెప్పాడు, కండువా మీద సాంబారు మరకకు అతనికీ ఒక నోటీసు ఇచ్చాం. చారలను భోజనశాలగా దుర్వినియోగం చేసినందున చెరిపివేయాలని తీర్మానించాం. పనుల్లో మాకెప్పుడూ లేని వేగంతో ఆ సాయంత్రానికల్లా నల్లరంగు పూసేశాం.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ పెద్ద గుండిగతో ఈ గట్టున నిలబడి ఉంది. చారలు లేవు, ఈల లేదు. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ గట్టున కంచాలు పట్టుకుని పిల్లలు. నేను చారలు సరిగా చెరిగాయో లేదో చూసి రాయడానికి వెళ్లాను. చూస్తూ నిలబడటం తప్ప నాకేమీ చేతకాలేదు, సిగ్గేసింది.

టీకొట్టు వైపు నుంచి సన్యాసినాయుడు వచ్చాడు. మాసిన లుంగీ, బనీను, భుజాన తుండుగుడ్డ. గుండిగ రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డు మీదకు దిగారు.

బొగ్గులారీ ఒకటి కీచుమంటూ ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నాయుణ్ణి పోల్చుకున్నాడు. లుంగీ చూశాడు, చేతిలో గుండిగ చూశాడు, పక్కన పైడమ్మను చూశాడు.

"ఒరే" అన్నాడు క్లీనరుతో, "ఎలచ్చన్లు ఒచ్చీసినట్టున్నాయిరా. పెద్దాయన లుంగీ కట్టీసి ముసల్దానికి గుండిగ మోస్తన్నాడు."

వెనకున్న బస్సువాడికి ఆ మాట వినిపించింది. బస్సు ఆగింది. దాని వెనక ఆటోలు ఆగాయి. అవతలి వైపు లారీలూ ఆగాయి. క్లీనరు తుండుగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు. నాయుడికి అలవాటు పోలేదు, ఖాళీగా ఉన్న చెయ్యి గుండెల దాకా తెచ్చి నమస్కారం పెట్టాడు.

బడి గేటు దగ్గర గుండిగ దించి, పైడమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. మూత తీస్తే పొగలు వచ్చాయి.

"ఈ ఎలచ్చన్లు రోజూ ఉండిపోతే బాగున్ను బాబూ" అంది నాతో, గరిటె అందుకుంటూ.